మోగింది ఎవరి ఫోన్? క్లౌడ్ టెలిఫోనీని సేల్స్ సాఫ్ట్‌వేర్‌కి కలిపిన ఒక కేసు

చిన్న, మధ్యతరహా కంపెనీలకు సీఆర్‌ఎం, అంటే కస్టమర్ల వివరాలు దాచే సేల్స్ సాఫ్ట్‌వేర్, సెట్ చేసి ఇవ్వడం నా పని. అందులో ఎక్కువ చిక్కులు వచ్చేది దానికి క్లౌడ్ టెలిఫోనీ, అంటే ఇంటర్నెట్ మీద నడిచే ఫోన్ సర్వీసు, కలిపే దగ్గరే. ఈ కేసు రాయడానికి కంపెనీ యజమాని ఒప్పుకున్నారు. ఆయన్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను, అంకెలు కొద్దిగా అటూ ఇటూ మార్చాను. టెలిఫోనీ కంపెనీ పేరు, సీఆర్‌ఎం పేరు కూడా రాయడం లేదు. ఈ తప్పులు ఏ రెండింటిని కలిపినా జరగొచ్చు.

నేపథ్యం

కోస్తాలో ఒక పట్టణం. ఇళ్ల మీద సోలార్ ప్యానెళ్లు బిగించే సంస్థ. 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం మొదలయ్యాక వాళ్లకు ఎంక్వయిరీలు ఒక్కసారిగా పెరిగాయి. 3 కిలోవాట్ల సిస్టమ్‌కి 78 వేల రూపాయల సబ్సిడీ అనేసరికి, అప్పటిదాకా సోలార్ గురించి ఆలోచించనివాళ్లు కూడా ఫోన్ నంబరు ఇచ్చి వెళ్లేవారు. ఫేస్‌బుక్ ఫారంల నుంచి కొన్ని, వెబ్‌సైట్ నుంచి కొన్ని, ఎగ్జిబిషన్ స్టాల్‌లో పుస్తకంలో రాసుకున్నవి కొన్ని. వీటన్నిటికీ ఫోన్ చేసి, ఇంటికి ఇంజినీర్‌ని పంపే తేదీ ఖాయం చేయడం 14 మంది టెలికాలర్ల పని. దాన్ని వాళ్లు 'విజిట్ పడటం' అంటారు. విజిట్ పడితేనే ఇంజినీర్ వెళ్లి మేడ కొలుస్తాడు, కరెంటు బిల్లు చూస్తాడు, కొటేషన్ ఇస్తాడు.

అంతకుముందు ఎవరి సిమ్ నుంచి వాళ్లు చేసేవారు. వివరాలు గూగుల్ షీట్‌లో. యజమాని బాధ ఏమిటంటే, మానేసిన ప్రతి మనిషీ తనతో పాటు కస్టమర్లను కూడా పట్టుకుపోతోంది. టెలికాలర్ల బాధ వేరు. నేను అడిగాకే అది బయటికొచ్చింది. వాళ్లలో ఎక్కువమంది పాతికేళ్ల లోపు అమ్మాయిలు. సొంత నంబర్ నుంచి చేస్తే రాత్రి పదకొండింటికి 'హాయ్' అని వాట్సాప్ మెసేజ్‌లు వచ్చేవి. ఇద్దరు అందుకే సిమ్ మార్చుకున్నారు.

అంటే సొంత సిమ్ బదులు కంపెనీకి చెందిన వర్చువల్ నంబర్ నుంచి చేస్తే యజమానికీ లాభమే, టెలికాలర్లకీ లాభమే. క్లౌడ్ టెలిఫోనీ అకౌంట్ తీసుకున్నారు, సీఆర్‌ఎం తీసుకున్నారు, ఒక వెండర్ వచ్చి రెండింటినీ కలిపి వెళ్లాడు. సీఆర్‌ఎంలో లీడ్ (ఎంక్వయిరీ ఇచ్చిన మనిషి) పక్కన ఉన్న ఫోన్ గుర్తు నొక్కితే ముందు టెలికాలర్ మొబైల్ మోగుతుంది. ఆమె ఎత్తాక కస్టమర్‌కి రింగ్ వెళ్తుంది. కస్టమర్‌కి కనిపించేది వర్చువల్ నంబర్ మాత్రమే. మాటలు రికార్డ్ అవుతాయి.

నా దగ్గరికి వచ్చిన సమస్య

మూడు వారాల తర్వాత యజమాని ఫోన్ చేశారు. డ్యాష్‌బోర్డ్‌లో కనెక్ట్ అయిన కాల్స్ 91 శాతం. విజిట్లు మాత్రం వారానికి 40 నుంచి 23కి పడిపోయాయి. పైగా సగం మంది టెలికాలర్లు మళ్లీ సొంత సిమ్‌ల నుంచి చేస్తున్నారు.

"అమ్మా, మీరే చెప్పండి. వీళ్లు పని చేయట్లేదా, ఈ సాఫ్ట్‌వేర్ అబద్ధం చెబుతోందా?"

ఆయనకు టెలికాలర్ల మీదే అనుమానం. రికార్డింగ్ ఉంటే దొరికిపోతామని సొంత సిమ్‌కి పోతున్నారని ఆయన లెక్క. నాకు అది కుదరలేదు. రాత్రి మెసేజ్‌ల బాధ తప్పించే నంబరు చేతిలో పెడితే, ఆ అమ్మాయిలు దాన్ని వదిలేసి మళ్లీ సొంత నంబరే బయటపెడుతున్నారు. అంటే ఆ వర్చువల్ నంబర్‌తో పని జరగడం లేదు. ఏం జరగడం లేదో వాళ్లకు తెలుసు, చెప్పడానికి మాటలు దొరకడం లేదు.

అందుకే మొదటి రోజు సెట్టింగ్స్ తెరవలేదు. తెరిస్తే వెండర్ ఏం పెట్టాడో తెలుస్తుంది, పని ఎక్కడ ఆగుతోందో తెలియదు. కుర్చీ లాక్కుని ఒక టెలికాలర్ పక్కన మధ్యాహ్నం దాకా కూర్చున్నాను.

ఆమె ఫోన్ గుర్తు నొక్కింది. నాలుగు సెకన్లకు ఆమె మొబైల్ మోగింది. ఎత్తింది. 'మీ కాల్ కనెక్ట్ చేయబడుతోంది' అని వినిపించి, అవతల రింగ్ మొదలైంది. ఆమె ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, నోట్‌బుక్‌లో లీడ్ పేరు రాసుకుంటోంది. రింగ్ అవుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు. ఆమె కట్ చేసింది. స్క్రీన్ మీద లీడ్ పేజీ రిఫ్రెష్ అయింది: 'కాల్ పూర్తయింది, 34 సెకన్లు.'

"మేడమ్, రోజూ ఇంతే. ఎత్తలేదని నేను స్టేటస్ పెడతాను. సార్ రిపోర్ట్ చూసి, మాట్లాడి కూడా ఎత్తలేదని రాస్తున్నావా అంటారు."

91 శాతం గుట్టు అక్కడే దొరికింది. ఈ పద్ధతిలో ఒక కాల్ అంటే రెండు కాల్స్. టెలికాలర్‌కి వెళ్లేది ఏజెంట్ లెగ్, కస్టమర్‌కి వెళ్లేది కస్టమర్ లెగ్. టెలిఫోనీ కంపెనీ దృష్టిలో ఏజెంట్ ఎత్తగానే కాల్ మొదలైనట్టే. కాల్ మొత్తానికి పంపే స్టేటస్ 'పూర్తయింది' అనే వస్తుంది, సమయం కూడా అక్కడి నుంచే లెక్క. సీఆర్‌ఎంలో టెలిఫోనీని కలిపే రెడీమేడ్ కనెక్టర్ ఆ ఒక్క స్టేటస్‌నే తీసుకుంటోంది. ఆ 91 శాతం మా టెలికాలర్లు తమ ఫోన్లు తాము ఎత్తిన లెక్క.

ఇంకో అమ్మాయి విషయం దీనికి తిరగబడి ఉంది. ఆమె కనెక్ట్ శాతం దాదాపు సున్నా. ఆమెను అప్పటికే రెండుసార్లు మందలించారు. చూస్తే ఆమె ఫోన్‌లో తెలియని నంబర్లను మోగనివ్వని సెట్టింగ్ ఆన్‌లో ఉంది. రాత్రి కాల్స్ బాధకు పెట్టుకున్నదే. వర్చువల్ నంబర్‌ని కాంటాక్ట్స్‌లో సేవ్ చేయగానే ఆమె ఫోన్ మోగింది. యజమాని ఆ సాయంత్రం ఆమె సీటు దగ్గరికి వెళ్లి, "తప్పు నాదేనమ్మా" అన్నారు. ఆ మాట తర్వాత మిగతావాళ్లు నాతో మనసు విప్పి మాట్లాడటం మొదలుపెట్టారు.

చేసి చూసినవి, పనిచేయనివి

మొదట సులువైన దారి చూశాను. 30 సెకన్లు దాటిన కాల్స్‌నే కనెక్ట్ అయినట్టు లెక్కించేలా రిపోర్ట్ మార్చాను. యజమానికి ఆ రోజే ఏదో ఒకటి చూపించాలన్న తొందరలో తీసుకున్న నిర్ణయం అది. రెండు రోజుల్లోనే తప్పని తేలింది. కస్టమర్ ఎత్తకపోయినా చివరిదాకా రింగ్ కానిచ్చేవాళ్ల కాల్స్ 40 సెకన్లు దాటి 'కనెక్ట్' అయ్యాయి. కస్టమర్ వెంటనే ఎత్తి, 'అద్దె ఇల్లండీ, మాకొద్దు' అని పెట్టేస్తే మొత్తం 20 సెకన్లే. అది నిజంగా మాట్లాడిన కాల్, లెక్కలోంచి పోయింది. ఓపికగా పనిచేసేవాళ్ల మీద ఒక రకమైన అబద్ధం, చురుగ్గా పనిచేసేవాళ్ల మీద ఇంకో రకమైన అబద్ధం.

అప్పుడు టెలిఫోనీ కంపెనీ పంపే అసలు సమాచారం తెరిచి చూశాను. కాల్ ముగిశాక వాళ్ల సర్వర్ మనం ఇచ్చిన చిరునామాకి ఒక కబురు పంపుతుంది. వెబ్‌హుక్ అంటాం. అందులో రెండు లెగ్‌ల స్టేటస్‌లు, రెండింటి సమయాలు విడివిడిగా ఉన్నాయి. మాట్లాడుకున్న సమయం వేరే గడిలో ఉంది. కావలసినదంతా మొదటి రోజు నుంచీ వస్తూనే ఉంది, కనెక్టర్ దాన్ని పారేస్తోంది.

కాబట్టి మధ్యలో ఏదో ఒకటి కూర్చోవాలి. వెబ్‌హుక్ అందుకుని, విడగొట్టి, సీఆర్‌ఎంలో సరైన గళ్లలో రాయాలి. కోడ్ రాయకుండా బొమ్మలు కలిపి పని చేయించే సర్వీసు ఒకటి తీసుకున్నాను. నేను లేకపోయినా ఆఫీసులో ఎవరైనా మార్చుకోగలరన్నది నా ఆలోచన. కారణం మంచిదే. కానీ ఈ పనికి అది సరిపోలేదు.

వెబ్‌హుక్‌కి మనవైపు నుంచి జవాబు ఆలస్యమైతే టెలిఫోనీ సర్వర్ అందలేదనుకుని అదే కబురు మళ్లీ పంపుతుంది. ఉదయం పదకొండు గంటలకు అందరూ ఒకేసారి కాల్స్ చేసే వేళ సీఆర్‌ఎం నెమ్మదించేది. ఒకే కాల్ లీడ్ పేజీలో మూడుసార్లు కనిపించేది. దానికంటే చెడ్డది వరస తప్పడం. 'రింగ్ అవుతోంది' అన్న కబురు దారిలో ఆలస్యమై, 'పూర్తయింది' తర్వాత వచ్చేది. చివరిగా వచ్చిందే నిజమని రాస్తే, ఎప్పుడో ముగిసిన కాల్ సాయంత్రం దాకా రింగ్ అవుతూనే ఉండేది. పైగా ప్రతి కబురుకీ ఆ సర్వీసు డబ్బు లెక్కగడుతుంది. నెల మధ్యలోనే కోటా అయిపోయింది.

పదో రోజున దాన్ని తీసేసి, చిన్న సర్వర్ మీద సొంతంగా ఒక ప్రోగ్రాం రాశాను. దానికి పెట్టుకున్న నియమాలు మూడే. కబురు అందగానే ఏమీ ఆలోచించకుండా 'అందింది' అని జవాబిచ్చి, దాన్ని వరసలో పెట్టాలి, పని తర్వాత చేయాలి. ప్రతి కాల్‌కీ టెలిఫోనీ కంపెనీ ఇచ్చే ఐడీనే తాళం, ఆ ఐడీతో ఒకటే రికార్డు ఉండాలి. కాల్ దశలు ముందుకే వెళ్లాలి, ముగిసిన కాల్‌ని ఏ కబురూ వెనక్కి లాగకూడదు. సమయాలు యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) వస్తుంటే ఐదున్నర గంటలు కలిపి మన టైంకి మార్చాను. ఇది చిన్న విషయమే గానీ, అంతకుముందు ఉదయం పదింటి కాల్స్ రిపోర్ట్‌లో తెల్లవారుజాము నాలుగున్నరకి పడేవి.

నంబర్ల గొడవ

లీడ్‌తో కాల్‌ని కలిపేది ఫోన్ నంబరే. ఆ నంబరు ఒక్కో చోట ఒక్కోలా ఉంది. ఫేస్‌బుక్ నుంచి ప్లస్ 91తో వస్తుంది, వెబ్‌సైట్‌లో పది అంకెలు, టెలిఫోనీ కంపెనీ ముందు సున్నా పెట్టి పంపుతుంది. సీఆర్‌ఎంకి ఇవి మూడు వేర్వేరు మనుషులు. అందుకే ప్రతి కాల్‌కీ 'పేరు తెలియదు' అని కొత్త లీడ్ పుట్టేది. టెలికాలర్ తన పాత లీడ్ తెరిస్తే అందులో కాల్ కనిపించదు. ఆమె పని చేసింది, సాక్ష్యం ఇంకో పేజీలో పడింది.

నంబరు ఎలా వచ్చినా చివరి పది అంకెలు తీసుకుని, ముందు ప్లస్ 91 పెట్టి, అదే రూపంలో అన్ని చోట్లా దాచాలని నిర్ణయించాను. మొబైల్ నంబర్లకు ఇది చాలు. ల్యాండ్‌లైన్లు గుప్పెడే ఉన్నాయి, చేత్తో సరిచేశాం.

ఎగ్జిబిషన్ లిస్టులో మాత్రం ఒక వింత కనిపించింది. 200కి పైగా లీడ్ల నంబర్లు చివరి ఆరు అంకెలు సున్నాలు. పుస్తకంలోంచి ఎక్సెల్‌లో 91తో కలిపి 12 అంకెలుగా కొట్టారు. అంత పెద్ద సంఖ్యని ఎక్సెల్ తనంతట తాను కుదించి, దశాంశం పెట్టి, చివర ఇ ప్లస్ 11 అని చూపిస్తుంది. సీఎస్‌వీగా, అంటే ఉత్త టెక్స్ట్ ఫైల్‌గా, సేవ్ చేస్తే ఆ కుదించినదే ఫైల్లోకి వెళ్తుంది, మిగతా అంకెలు పోతాయి. సీఆర్‌ఎం దాన్ని చదువుకుని పోయినచోట సున్నాలు నింపింది. టెలికాలర్లు ఆ నంబర్లకి చేస్తే పని చేయనివో, సంబంధం లేనివాళ్లవో తగిలేవి. అదృష్టం, స్టాల్ పుస్తకం ఇంకా ఆఫీసు అల్మారాలో ఉంది. గడులను ముందే టెక్స్ట్‌గా మార్చి, ఇద్దరు కూర్చుని మళ్లీ కొట్టారు. ఒక పూట పట్టింది. అందులోంచే ఆ నెలలో విజిట్లు పడ్డాయి.

తిరిగి వచ్చే కాల్స్

ఇప్పటికి రిపోర్ట్ నిజం చెప్పడం మొదలుపెట్టింది. కస్టమర్ నిజంగా ఎత్తినవి 38 శాతం. 91 చూసిన కళ్లతో 38 చూడటం యజమానికి కష్టమే అయింది. కానీ విజిట్లు ఎందుకు తగ్గాయో ఇది చెప్పదు. సొంత సిమ్ నుంచి చేసినప్పుడు కూడా మొదటిసారి ఎత్తేవాళ్లు బహుశా అంతే ఉండేవారు. అప్పుడు వారానికి 40 ఎలా పడ్డాయి?

ఇది టెలికాలర్లనే అడిగాను. సొంత సిమ్‌కి ఎందుకు మారారని అడిగితే ఎవరూ జవాబు చెప్పేవారు కాదు, తిడతారని భయం. ప్రశ్న మార్చాను. 'పాత పద్ధతిలో విజిట్ ఎలా పడేది?' అని అడిగితే ఒక అమ్మాయి వెంటనే చెప్పింది.

"మనం చేసినప్పుడు వాళ్లు పొలంలోనో బండి మీదో ఉంటారు మేడమ్. మిస్డ్ కాల్ చూసుకుని తీరిగ్గా వాళ్లే చేస్తారు. అప్పుడైతే బాగా మాట్లాడతారు. ఈ నంబర్‌కి వాళ్లు చేస్తే మాకు రావట్లేదు. తర్వాత మనం చేస్తే, మీరే చేసి మీరే ఎత్తరేంటని తిడుతున్నారు."

టెలిఫోనీ డ్యాష్‌బోర్డ్‌లో ఇన్‌కమింగ్ లిస్టు తెరిచాను. సీఆర్‌ఎంలో కాదు, అక్కడికి ఇవి ఎప్పుడూ రాలేదు. ముందు రోజు ఒక్కరోజే 63 రిటర్న్ కాల్స్. ఒక్కటీ మాట దాకా వెళ్లలేదు. ఒక నంబరు 11 నిమిషాల్లో నాలుగుసార్లు చేసింది. ఆ మనిషికి ఎంత అవసరం ఉండి ఉండాలి!

యజమాని గదిలోనే నా ఫోన్ నుంచి వర్చువల్ నంబర్‌కి చేసి స్పీకర్ పెట్టాను. ఇంగ్లిష్‌లో స్వాగతం, తర్వాత సంగీతం, అర నిమిషం రింగ్, కట్. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వచ్చిన కాల్ ఎటు వెళ్లాలో చెప్పే సెట్టింగ్‌ని ఫ్లో అంటారు. అందులోకి వెళ్లి చూస్తే, ఇన్‌కమింగ్ కాల్ కలపాల్సిన చోట వెండర్ మనిషి టెస్టింగ్ కోసం పెట్టుకున్న తన సొంత నంబరు అలాగే ఉంది. కాల్స్ చేసే దారిని కలిపి, వచ్చే దారిని టెస్ట్‌లోనే వదిలేసి వెళ్లాడు. ఇన్‌కమింగ్‌కి వెబ్‌హుక్ చిరునామా ఫ్లో లోపల వేరే పెట్టాలి, అదీ ఖాళీ.

అమ్మాయిలు సొంత సిమ్‌కి మారింది ఇందుకే. రాత్రి మెసేజ్‌లు వచ్చినా పర్లేదనుకుని, రిటర్న్ కాల్ కోసం మారారు.

పనిచేసింది

రిటర్న్ కాల్ ఎవరికి వెళ్లాలి? యజమాని 14 మందికీ ఒకేసారి మోగించమన్నారు. ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు ఎత్తుతారని. వద్దన్నాను. కస్టమర్ 'ఇందాక ఫోన్ వచ్చింది' అంటాడు, ఎత్తిన మనిషికి ఏమీ తెలియదు, ఊరు, బిల్లు అన్నీ మళ్లీ మొదటి నుంచి అడగాలి. పైగా విజిట్‌కి ఇన్సెంటివ్ ఉంది. ఒకరు చేసిన కాల్‌కి ఇంకొకరు విజిట్ వేసుకుంటే ఆఫీసులో రోజూ తగువే.

సీఆర్‌ఎంలో ఆ లీడ్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్లకి పంపడం ఇంకో దారి. ఇదీ పూర్తిగా సరికాదు. సెలవులో ఉన్నవాళ్ల లీడ్లకు వేరేవాళ్లు చేస్తుంటారు. కస్టమర్ తనకు ఫోన్ చేసిన మనిషి కోసం చేస్తున్నాడు, లీడ్ ఎవరి పేరు మీద ఉందో అతనికి తెలియదు. అందుకే 48 గంటల లోపు చివరిగా ఎవరు చేశారో వాళ్లకి, అది లేకపోతే లీడ్ ఓనర్‌కి అని నిర్ణయించాం.

టెలిఫోనీ ఫ్లోలో దీనికి వీలుంది. కాల్ రాగానే మన చిరునామాకి 'ఈ నంబరు నుంచి కాల్ వచ్చింది, ఎవరికి కలపను?' అని అడుగుతుంది. కొన్ని సెకన్లలో ఏజెంట్ నంబరు చెప్పాలి. మొదట నేను ఆ ప్రశ్న రాగానే సీఆర్‌ఎంలో వెతికించాను. రాత్రి పరీక్షించినప్పుడు చక్కగా పనిచేసింది. మర్నాడు పదకొండింటికి సీఆర్‌ఎం నెమ్మదించి, జవాబు ఇచ్చేలోపు గడువు దాటిపోయింది. కాల్స్ మళ్లీ గాల్లోకి.

అప్పుడు నా సర్వర్‌లోనే చిన్న పట్టిక పెట్టాను. కస్టమర్ నంబరు, చేసిన టెలికాలర్, సమయం. మూడే గళ్లు. ఎవరైనా ఫోన్ గుర్తు నొక్కిన క్షణమే అందులో రాసేస్తుంది, కాల్ ముగిసే దాకా ఆగదు. ఎందుకంటే చాలామంది మిస్డ్ కాల్ చూసుకుని అర నిమిషంలోనే తిరిగి చేస్తారు. కాల్ ముగిసిన కబురు అప్పటికి ఇంకా వచ్చి ఉండదు. ఈ ఒక్క మార్పుతో రిటర్న్ కాల్ సరైన మనిషికి చేరడం మొదలైంది.

చేసిన టెలికాలర్ ఇంకో కాల్‌లో ఉంటే ఆమె టీంలోని ముగ్గురికి మోగుతుంది. ఎవరూ ఎత్తకపోతే తెలుగులో ఒక మాట వినిపించి, పది నిమిషాల గడువుతో ఆమెకు సీఆర్‌ఎంలో టాస్క్ పడుతుంది. ఆ తెలుగు మాట టెలికాలర్లలో ఒకరి గొంతుతోనే రికార్డ్ చేశాం: 'నమస్కారమండీ, మీ కాల్ చూసుకున్నాం, పది నిమిషాల్లో మేమే చేస్తాం.' ఇంగ్లిష్ స్వాగతం తీసేశాం.

దీనితో పాటు రెండు రంధ్రాలు పూడ్చాను. వెండర్ ఏపీఐ కీని, అంటే ప్రోగ్రాంలు టెలిఫోనీ అకౌంట్‌ని వాడుకోవడానికి ఇచ్చే రహస్య సంకేతాన్ని, వెబ్ పేజీ కోడ్‌లోనే పెట్టేశాడు. ఆ పేజీ తెరవగలిగినవాళ్లెవరైనా ఆ కీతో కంపెనీ డబ్బుతో కాల్స్ చేసుకోవచ్చు. పాత కీ రద్దు చేసి, కొత్తది సర్వర్‌లో దాచాను. రికార్డింగ్ లింకులు కూడా లాగిన్ లేకుండా తెరుచుకునేవి. అవి కస్టమర్ల ఇళ్ల వివరాలు, బిల్లుల వివరాలు. లాగిన్ తప్పనిసరి చేశాం, కాల్ మొదట్లో రికార్డ్ అవుతోందని చెప్పే మాట చేర్చాం.

నేను చేయనన్న పని

విజిట్లు కోలుకోగానే యజమాని ఒక ఫైల్ పంపారు. ఎక్కడో కొన్న 20 వేల నంబర్లు. లోడ్ చేయనన్నాను. ఆయనకు కోపం వచ్చింది, కానీ కారణాలు విన్నారు.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నియమావళి ప్రకారం ప్రచార కాల్స్ డీఎల్‌టీలో (టెలికాం కంపెనీల నమోదు వేదిక) నమోదై, 140తో మొదలయ్యే నంబర్ల నుంచే వెళ్లాలి. 2024 ఆగస్టులో ట్రాయ్ ఇచ్చిన ఆదేశం ప్రకారం, నమోదు లేకుండా ప్రచార కాల్స్ చేసేవాళ్ల టెలికాం లైన్లన్నీ కోసేసి, రెండేళ్ల దాకా బ్లాక్‌లిస్ట్‌లో పెట్టొచ్చు. 2025 ఫిబ్రవరి సవరణతో ఇది ఇంకా బిగిసింది. నమోదు లేనివాళ్ల మీద చర్యకు అంతకుముందు ఏడు రోజుల్లో పది ఫిర్యాదులు కావాల్సి వచ్చేది, ఇప్పుడు పది రోజుల్లో ఐదు చాలు. ఫిర్యాదు చేయడానికి డీఎన్‌డీలో (ప్రచార కాల్స్ వద్దన్నవాళ్ల జాబితా) ముందే నమోదై ఉండాల్సిన అవసరమూ లేదు. కొన్న లిస్టులో ఐదుగురికి విసుగొస్తే ఈ వర్చువల్ నంబర్లు పోతాయి. వాటితో పాటు, మనసు పడి సోలార్ కోసం తిరిగి ఫోన్ చేసే మనిషి కూడా పోతాడు.

ఆ ఫైల్ పక్కన పెట్టాం. ప్రతి లీడ్‌కీ ఎక్కడ, ఏ తేదీన, ఏ ఫారంలో నంబరు ఇచ్చారన్న గడి చేర్చాం. అది ఖాళీగా ఉంటే ఫోన్ గుర్తు పనిచేయదు. ఏ రకం కాల్ ఏ నంబర్ల నుంచి వెళ్లాలో టెలిఫోనీ కంపెనీతో రాతపూర్వకంగా తేల్చుకున్నాం. ప్రచారం చేయాలనుకున్న రోజున డీఎల్‌టీ నమోదు, 140 నంబర్లు తీసుకున్నాకే అని యజమాని ఒప్పుకున్నారు.

ఫలితం, నేను మార్చుకున్నవి

ఐదో వారానికి విజిట్లు 41, ఎనిమిదో వారానికి 47. ఎండాకాలం కరెంటు బిల్లులు కూడా తోడయ్యాయి కాబట్టి మొత్తం ఈ మార్పుల వల్లేనని అనను. కానీ ఆ 47లో 19 రిటర్న్ కాల్స్ నుంచి వచ్చాయి, అవి లాగ్‌లో కనిపిస్తున్నాయి. సొంత సిమ్‌ల వాడకం ఎవరూ ఆదేశించకుండానే ఆగిపోయింది.

ఇప్పుడు ఏ కంపెనీలోనైనా రెండు సిస్టమ్‌లు కలిపాక సంతకం పెట్టేముందు ఒక గంట కూర్చుని కాల్స్ చేయిస్తాను. కస్టమర్ ఎత్తినది, ఎత్తనిది, బిజీలో ఉన్నది, టెలికాలర్ తన ఫోన్ ఎత్తనిది, కస్టమర్ వెంటనే తిరిగి చేసినది, మర్నాడు తిరిగి చేసినది, ఎవరో తెలియని నంబర్ నుంచి వచ్చినది. ప్రతిదానికీ టెలిఫోనీ లాగ్, సీఆర్‌ఎం పేజీ, నా చేతిలోని కాగితం మూడూ ఒకటే చెప్పాలి. యజమానిని కూడా ఆ గంట పక్కన కూర్చోబెడతాను. 'కనెక్ట్ అయింది' అంటే ఏమిటో ఆయన నోటితోనే చెప్పించి కాగితం మీద రాయిస్తాను. తర్వాత రిపోర్ట్ మీద తగువు వస్తే ఆ కాగితమే చూస్తాం.

ఒకటి మాత్రం ఇంకా పూర్తిగా తీరలేదు. మనం భర్త నంబర్‌కి చేస్తే తిరిగి భార్య ఫోన్ నుంచి వస్తుంది, లేకపోతే కొడుకు ఫోన్ నుంచి. పట్టికలో ఆ నంబరు ఉండదు, కాల్ గ్రూప్‌కి పోతుంది. ఎత్తినవాళ్లు ఊరు, పేరు అడిగి లీడ్ వెతుక్కోవాలి. దీనికి దారి టెలికాలర్లే చెప్పారు. మొదటిసారి మాట్లాడినప్పుడే 'ఇంట్లో ఇంకో నంబరు ఏదైనా ఉందాండీ?' అని అడుగుతామన్నారు. లీడ్ పేజీలో ఆ గడి పెట్టాను, పట్టిక రెండు నంబర్లనూ చూసేలా మార్చాను. పోయిన వారం చూస్తే సగానికి పైగా లీడ్లలో ఆ గడి నిండి ఉంది.